చోమా పల్లెల్లో నెట్ సర్వే: నా అనుభవం

జాంబియా దక్షిణ ప్రావిన్సులో చోమా పట్నం దాటి తారురోడ్డు వదిలేసి, ఎర్రమట్టి బాటలో గంటల కొద్దీ లోపలికి పోతే వచ్చే పల్లెల సంగతి ఇది. ఒక ఆరోగ్య కేంద్రం, ఒక బడి, ఒక చర్చి, నాలుగైదు కొట్లు, ఒక పిండిమర ఉంటాయి. పిండిమరను అక్కడ చిగాయో అంటారు. ఇళ్లు మన ఊళ్లలోలా గుంపుగా ఉండవు. ఇక్కడి టోంగా తెగవాళ్ల ఇళ్లు ఎవరి పొలం దగ్గర వాళ్లవి, పశువుల దొడ్డితో సహా విడివిడిగా ఉంటాయి. ఒక పల్లె అంటే ఒక్కోసారి నాలుగైదు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఇళ్లు. ఇలాంటి చోట ఇంటర్నెట్, కంప్యూటర్లు పెట్టొచ్చా, పెడితే నిలబడతాయా అని తేల్చి చెప్పడం మా పని. పెట్టొచ్చా అన్నది రెండు రోజుల్లో తేలుతుంది. నిలబడతాయా అన్నది తేలడానికి మూడు వారాలు చాలవు.

ఈ ప్రాంతానికి ఇది కొత్త విషయమేమీ కాదు. మాచా ఈ జిల్లాలోనే ఉంది. 1906లో మొదలైన మిషన్, ఆసుపత్రి, తర్వాత మలేరియా పరిశోధన సంస్థ ఉన్న పల్లె అది. 2000ల మొదటి దశకంలోనే శాటిలైట్ డిష్ పెట్టి, లింక్‌నెట్ పేరుతో ఊరంతా వైర్‌లెస్ పంచారు. ఆ నెట్ వాడకాన్ని పరిశీలించినవాళ్లు గమనించిన ఒక సంగతి మాకు బాగా పనికొచ్చింది. సందేశాల్లో చాలా భాగం ఊళ్లోవాళ్లు ఊళ్లోవాళ్లకే పంపుకుంటున్నారు. అంటే పక్కింటికి పోయే మాట ఆకాశానికి వెళ్లి, సముద్రాలు దాటి, మళ్లీ అదే ఊరికి దిగుతోంది, ప్రతి మెగాబైటుకీ డబ్బు కట్టించుకుని మరీ. ఊళ్లోనే ఒక చిన్న సర్వర్ పెట్టే ఆలోచన ప్రతి సర్వేలో తప్పకుండా ఉండాలని అక్కడే అర్థమైంది.

ఇంట్లో కూర్చుని చేసే పని

బయలుదేరే ముందు వారం రోజులు మ్యాపుల మీద పోతుంది. శాటిలైట్ చిత్రంలో కప్పులు లెక్కపెడతాం. ఇనపరేకు కప్పు తళుక్కుమంటుంది, గడ్డికప్పు మట్టిరంగులో కలిసిపోతుంది. రెండింటినీ విడిగా లెక్కపెడితే ఏ ఇంటిమీద ప్యానెల్ పెట్టొచ్చో, ఊళ్లో డబ్బు ఏ పక్కన ఉందో ఒక అందాజు వస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఫోన్లోకి దించుకోవాలి. అక్కడికి వెళ్లాక దించుకుందాం అనుకుంటే, అక్కడ నెట్ లేదనే కదా వెళ్తున్నది.

నేల ఎత్తుపల్లాలకు ఎస్ఆర్‌టీఎం డేటా వాడతాం. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలివి, 30 మీటర్లకు ఒక చుక్క చొప్పున. కొండలకు నమ్మొచ్చు, చెట్లకు నమ్మకూడదు. ఆ తర్వాత నాటిన యూకలిప్టస్ తోట అందులో ఉండదు కదా. ఎండ లెక్కకు యూరోపియన్ కమిషన్ వాళ్ల పీవీజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది, ఆఫ్రికా కూడా అందులో ఉంది. సెల్ టవర్ల చోట్లకు ఓపెన్‌సెల్‌ఐడీ చూస్తాం. అది జనం ఫోన్ల నుంచి పోగైన సమాచారం, కాబట్టి కారు తిరగని దారిలో టవర్ ఉన్నా అందులో కనపడదు. కంపెనీల కవరేజీ మ్యాపులో ఊరంతా రంగు పులిమి ఉంటుంది. దాన్ని ప్రింటు తీసుకెళ్లి, కొలతలు పక్కన రాసుకోవడానికి వాడుకుంటే సరిపోతుంది.

సంచిలో ఏముండాలన్నది అనుభవం మీద తగ్గుతూ వచ్చింది. మల్టీమీటర్, క్లాంప్ మీటర్, ఎర్త్ టెస్టర్, గోడసాకెట్‌లో పెట్టే వోల్టేజి లాగర్లు రెండు, 30 మీటర్ల టేపు, దిక్సూచి, బైనాక్యులర్స్, అరచేతంత అద్దాలు రెండు, 6 మీటర్ల వరకు సాగే కర్ర, చిన్న 5 గిగాహెర్ట్జ్ రేడియోలు రెండు, వాటికి బ్యాటరీ, కేబుల్, క్రింపింగ్ టూలు. సాకెట్లు ఎక్కువగా ఇంగ్లండు తరహా చదరపు మూడు పిన్నులవి. మన గుండ్రటి పిన్నులవీ అక్కడక్కడా తగులుతాయి గానీ వాటి మీద ఆధారపడలేం. అడాప్టర్లు నాలుగు ఎక్కువే పట్టుకెళ్లాలి. ఒకటి ఎప్పుడూ ఎవరికో ఇచ్చి వస్తాం.

ఫోన్ విషయంలో మనవాళ్లు పడే బోల్తా ఒకటుంది. మన దేశంలో కొన్న ఫోన్లలో చాలావాటికి 800 మెగాహెర్ట్జ్ 4జీ, అంటే బ్యాండ్ 20, ఉండదు. ఐరోపా, ఆఫ్రికా దేశాల్లో చాలాచోట్ల పల్లె కవరేజీకి వాడేది అదే. మన ఫోన్ చూసి 4జీ లేదు అని రాసేస్తాం, పక్కన కొట్టువాడి చవక ఫోన్లో 4జీ గీతలు నిండుగా ఉంటాయి. కొలిచే ఫోన్ అక్కడే కొనాలి. ఎయిర్‌టెల్, ఎమ్‌టీఎన్, జామ్‌టెల్ మూడు సిమ్‌లూ పాస్‌పోర్టు చూపించి అక్కడే తీసుకోవాలి.

ముందు ముఖియా, తర్వాత మీటరు

ఊళ్లో దిగగానే కర్ర పైకెత్తి కొలవడం మొదలుపెట్టకూడదు. అక్కడి పల్లె భూమి చాలావరకు సంప్రదాయ భూమి. 1995 భూముల చట్టం తర్వాత కూడా దాని మీద చీఫ్ మాటే నడుస్తుంది. చీఫ్ కింద ఊరూరికీ హెడ్‌మన్ ఉంటాడు. జిల్లా ఆఫీసుకు చెప్పి, చీఫ్ దగ్గరికి పోయి, ఆ తర్వాతే హెడ్‌మన్‌ను కలవాలి. ఖాళీ చేతులతో వెళ్లరు. చీఫ్ ముందు కాస్త వంగి, అరచేతులు గుంటగా చేసి మెల్లగా చప్పట్లు కొట్టడం అక్కడి నమస్కారం. "ట్వలుంబ" అంటే ధన్యవాదాలు. ఈ రెండూ వస్తే సగం పని అయినట్టే. తొందరపడి ఒక మెట్టు దాటేస్తే, తర్వాత స్తంభం పాతే రోజున ఎవరో వచ్చి గుంత పూడ్చమంటారు. వాళ్లనడంలో తప్పేమీ లేదు.

దుబాసీని ఎంచుకోవడంలో ఒక చిక్కుంది. అందరికంటే బాగా ఇంగ్లీషు వచ్చేది బడిపంతులుకి. కానీ కంప్యూటర్లు వచ్చేది ఆయన బడికే. ఆయన ముందు ఏ తల్లీ "మాకు అక్కర్లేదు" అనదు. అందుకని దుబాసీ పక్క ఊరివాడై ఉండాలి. ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆడమనిషే కావాలి. మాట్లాడే చోటు కూడా చెట్టుకింద సభ కాదు. బోరింగు దగ్గర, చిగాయో దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు మాటలు తిన్నగా వస్తాయి.

"మీకు ఇంటర్నెట్ కావాలా?" అని అడిగితే నూటికి నూరుమందీ కావాలంటారు. ఆ ప్రశ్నను మా కాగితంలోంచి కొట్టేశాం. బదులుగా గడిచిపోయిన సంగతులు అడుగుతాం. పోయిన వారం ఫోన్ చార్జింగుకు ఎన్నిసార్లు ఇచ్చారు, ఒక్కోసారికి ఎంత? ఆఖరిసారి టాక్‌టైమ్ వేయించుకుంది ఎప్పుడు, ఎంతకు? బండిల్ కొన్నారా, ఎన్ని రోజులదది? ఫోన్లో సిమ్‌లు ఎన్ని, ఏ సిమ్ ఎక్కడ పనిచేస్తుంది? ఫోన్ ఎవరి పేరున ఉంది, ఎవరి చేతిలో ఉంది? ఈ చివరి రెండూ వేరైనప్పుడు, ఇంట్లో ఆడవాళ్లకు నెట్ ఎంతవరకు అందుతుందో తెలిసిపోతుంది.

చార్జింగు ఖర్చు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అసలు ఆదాయం అందులోనే ఉంది. దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లో మాంకోసీ ఊరివాళ్లు 2012లో జెన్‌జెలేని అనే నెట్‌వర్క్ పెట్టుకున్నారు. వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయం వాళ్లు తోడుగా నిలిచారు. 2014లో అది సహకార సంఘమైంది. వాళ్లకు మొదట చేతిలోకి డబ్బు తెచ్చింది నెట్ కాదు, సోలార్ బ్యాటరీల మీద ఫోన్లు చార్జ్ చేసి ఇవ్వడం. మా లెక్కల్లో కూడా మొదటి ఏడాది ఆదాయపు వరుసలో చార్జింగు పైన ఉంటుంది, నెట్ వోచర్లు కింద ఉంటాయి.

డబ్బు ఎప్పుడు ఉంటుందో కూడా అడగాలి. మొక్కజొన్న అమ్మాక, మే తర్వాత కొన్ని నెలలు చేతిలో కాస్త ఆడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా కొత్త పంట చేతికి రాదు, పాత గింజలు అయిపోతాయి. నెలకింత అని చందా పెడితే ఫిబ్రవరిలో సగంమంది మానేస్తారు. రోజుకో గంటకో కొనుక్కునే చిన్న వోచర్లే అక్కడ నడుస్తాయి.

సిగ్నల్ కొలత

ముందుగా మొబైల్ మనీ బూత్ ఎక్కడుందో చూడండి. ఆ కుర్రవాడి వ్యాపారమంతా సిగ్నల్ మీదే కాబట్టి ఊళ్లో మంచి సిగ్నల్ ఎక్కడ వస్తుందో వాడికి మన మీటర్ల కంటే బాగా తెలుసు. వాడు బల్ల వేసుకున్న చోటు నుంచే కొలతలు మొదలుపెడతాం.

కొలిచేది గీతలు కాదు, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే 4జీ సిగ్నల్ అసలు బలం. దాన్ని డీబీఎంలలో చెబుతారు, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. ఫోన్లో నెట్‌వర్క్ వివరాలు చూపే ఉచిత యాప్ ఏదైనా చాలు. మైనస్ 85 డీబీఎం కంటే మెరుగైతే బాగుంది. మైనస్ 100 దగ్గర పని నడుస్తుంది. మైనస్ 110 దాటితే బయటి యాంటెన్నా లేకుండా కుదరదు. మైనస్ 120 అంటే ఆశ వదులుకోవచ్చు. ప్రతి చోటా రెండు ఎత్తుల్లో కొలవాలి, చేతిలో ఒకసారి, 6 మీటర్ల కర్రమీద ఒకసారి. చెట్ల పైకి రాగానే 10 డీబీ పెరిగితే ఊరికి టవర్ అక్కర్లేదు, యాంటెన్నా బిగించడానికి ఒక పైపు చాలు.

పొద్దున 7కి, మధ్యాహ్నం 1కి, రాత్రి 8కి మూడు పూటలా మూడు సిమ్‌లతో వేగం చూస్తాం. స్పీడ్‌టెస్ట్ యాప్ ఒక్కసారికే వంద మెగాబైట్ల దాకా మింగేయగలదు. 5 మెగాబైట్ల ఫైలు ఒకటి దించి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటే ఖర్చు తగ్గుతుంది, నిజానికి దగ్గరగానూ ఉంటుంది. సిగ్నల్ అంతే ఉండి రాత్రి 8కి వేగం పడిపోతే, ఆ టవర్‌కో దాని వెనకున్న లింకుకో రద్దీ ఎక్కువైనట్టు. అక్కడ ఎంత పెద్ద యాంటెన్నా పెట్టినా లాభం లేదు. ఈ తేడా పట్టుకోకపోవడమే నేను చూసిన సర్వే నివేదికల్లో తరచు కనపడే తప్పు.

ఇంకొకటి, ఎక్కువమంది మరిచిపోయేది: టవర్‌కూ కరెంటు కావాలి. ఒక చవక ఫోన్‌ను పవర్‌బ్యాంకుతో రెండు వారాలు వదిలి, 5 నిమిషాలకోసారి పింగ్, అంటే నెట్ అందుతోందా అని చూసే చిన్న పలకరింపు, పంపి ఫలితం రాసుకునేలా పెడతాం. కోత మొదలైన ఎన్ని గంటలకు టవర్ బ్యాటరీ చచ్చిపోతుందో ఆ పట్టీ చెబుతుంది.

బయటి యాంటెన్నా పెట్టేటప్పుడు జరిగే పొరపాటు ఇది. సిగ్నల్‌ను 12 డీబీ పెంచే (12 డీబీఐ) యాంటెన్నా కొని, సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 10 మీటర్లు దించి కిందున్న రూటర్‌కు కలుపుతారు. 1800 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కేబుల్ ఒక్కటే 8 డీబీ దాకా తినేస్తుంది. కొన్నదాంట్లో మిగిలింది 4. లావుపాటి ఎల్‌ఎంఆర్-400 అయితే 2 డీబీ పోతుంది గానీ ఖరీదు, వంచడం కష్టం. రూటర్‌నే వానకు తడవని డబ్బాలో పైకెక్కించి, కిందికి ఈథర్‌నెట్ కేబుల్ దించి, దాంట్లోనే కరెంటు పంపడం మేలు. 100 మీటర్ల లోపు అయితే నష్టం లేదు. కేబుల్ మాత్రం ఎండకు తట్టుకునే నల్లతొడుగుది కావాలి, ఇంట్లో వాడే బూడిదరంగుది రెండేళ్లలో పగిలిపోతుంది. భూమికి మీటరున్నర ఎత్తు దాకా ఇనపపైపులో దూర్చండి. మేకలు నములుతాయి.

సెల్ సిగ్నల్ అందని చోట, నెట్ ఉన్న ఊరి నుంచి 5.8 గిగాహెర్ట్జ్ రేడియో లింకు లాగడం కుదురుతుందేమో చూస్తాం. 10 కిలోమీటర్ల లింకు లెక్క ఇలా ఉంటుంది. గాలిలో నష్టం 128 డీబీ. రేడియో పంపేది 20 డీబీఎం, రెండు చివర్లా 25 డీబీఐ డిష్‌లు, కనెక్టర్లలో 2 డీబీ పోయిందనుకుంటే అవతల మైనస్ 60 డీబీఎం అందుతుంది. మంచి వేగానికి మైనస్ 75 చాలు, కాబట్టి చేతిలో 15 డీబీ మిగులు. కాగితం మీద బాగుంది. కానీ కంటికి అవతలి ఊరు కనిపించినంత మాత్రాన దారి ఖాళీగా ఉన్నట్టు కాదు. మధ్యలో రేడియో తరంగం లావుగా ఉబ్బుతుంది. 10 కిలోమీటర్లకు నడిమధ్యలో ఆ ఉబ్బు వ్యాసార్థం 11.4 మీటర్లు. అందులో 60 శాతం, అంటే దాదాపు 7 మీటర్లు, చెట్ల కొసలకు పైన ఖాళీ ఉండాలి. భూమి గుండ్రదనానికి ఇంకో మీటరున్నర కలుపుకోవాలి. చెట్లు పెరగడానికి వేరే. యూకలిప్టస్ అయితే ఏడాదికి రెండు మీటర్ల దాకా లేస్తుంది.

దారి చూసుకోవడానికి మేం వాడే పరికరం అద్దమే. ఒకరు అవతలి ఊరి నీళ్లట్యాంకు ఎక్కి ఎండను ఇటు తిప్పితే, 10 కిలోమీటర్ల నుంచి ఆ మెరుపు మామూలు కంటికే కనిపిస్తుంది. డ్రోన్‌కు అనుమతులు కావాలి, అద్దానికి అక్కర్లేదు. అయితే పొడికాలంలో, ఆగస్టు సెప్టెంబర్లలో, చెట్లు ఆకులు రాల్చేసి ఉంటాయి. అప్పుడు కనిపించిన మెరుపు జనవరిలో పచ్చటి, తడి ఆకుల వెనక పోతుంది. 5 గిగాహెర్ట్జ్‌కు తడి ఆకు గోడతో సమానం. ఏ నెలలో చూశామో రాయని సర్వేను నమ్మకండి.

కొత్త స్తంభం కంటే ఉన్న కట్టడమే మేలు. ట్యాంకు స్టాండు, చర్చి గోపుర గోడ లాంటివి. కర్ర స్తంభమైతే మందు పట్టించినదే పాతాలి, లేదంటే చెదలు మొదలంటా తింటాయి. తాళ్లతో నిలిపే 15 మీటర్ల ఇనపస్తంభానికి, తాడు మేకులు కనీసం 9 మీటర్ల దూరంలో పాతాలి. ఆ దూరంలో ఎద్దుబండి బాట ఉందేమో ముందే చూసుకోవాలి. రేడియోలు టెలికాం నియంత్రణ సంస్థ జిక్టా ఆమోదం ఉన్నవే తేవాలి. రేడియోలో దేశం పేరు సరిగా పెట్టుకోవాలి. వేరే దేశం పేరు పెట్టి పవర్ పెంచుకునే అలవాటు చాలామందికి ఉంది. దాని ఫలితం పక్కవాడి లింకు చెడటమే.

స్టార్‌లింక్ 2023 అక్టోబరులో జాంబియాకు వచ్చాక "ఈ తంటాలన్నీ దేనికి, డిష్ ఒకటి పెట్టేస్తే పోలా?" అని అందరూ అడుగుతున్నారు. పాత తరహా శాటిలైట్‌లో 600 మిల్లీసెకన్లు ఆలస్యం ఉండేది, ఇందులో ఆ బాధ లేదు. కానీ మామూలు డిష్ 50 నుంచి 75 వాట్లు లాగుతుంది, రోజంతా. రెండు రేడియోలు, రూటర్, చిన్న సర్వర్ అన్నీ కలిపినా 35 వాట్లే. డిష్ పెట్టిన రోజున సోలార్ లెక్క రెండింతలు మూడింతలవుతుంది. అద్దె ఎవరు కడతారన్నది ఆ తర్వాత సంగతి.

కరెంటు: అసలు కథ ఇక్కడుంది

ఆరోగ్య కేంద్రానికి లైను ఉంటే సంతోషించే ముందు లాగర్ పెట్టి కనీసం 7 రోజులు ఆగాలి. పేరుకు 230 వోల్టులు. పొడవాటి లైను చివర సాయంత్రం వంటవేళ ఎంతకు పడుతుంది, కోత తర్వాత తిరిగొచ్చిన క్షణంలో ఎంతకు ఎగురుతుంది అన్న రెండు అంకెలే ముఖ్యం. సామాన్లు కాలిపోయేది కరెంటు పోయినప్పుడు కాదు, తిరిగి వచ్చినప్పుడు. మూడు నిమిషాలు ఆగి కలిపే వోల్టేజి స్విచ్ ఒకటి ముందు పెడితే చాలా నష్టం తప్పుతుంది. జాంబియా కరెంటు చాలావరకు నీటి నుంచే వస్తుంది. 2024 కరువులో కరిబా జలాశయం అడుగంటితే కోతల గంటలు కాదు, కరెంటు ఉన్న గంటలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి లైను ఉన్న చోట కూడా సోలార్‌నే అసలు వనరుగా, లైనును తోడుగా లెక్కవేస్తున్నాం. మీటర్లు ముందే డబ్బు కట్టే రకం. యూనిట్లు ఎవరి జేబులోంచి కొంటారని అడిగి, ఆ పేరు రాసుకోండి. "బడి కొంటుంది" అన్నది పేరు కాదు.

ఇక సోలార్. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తరాన ఉంది, చోమా 16.8 డిగ్రీల దక్షిణాన. అద్దంలో బొమ్మ లాగా. మన చెయ్యి అలవాటుకొద్దీ ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పుతుంది. అక్కడ ఉత్తరానికి తిప్పాలి. 20 డిగ్రీల వాలుతో తప్పుదిక్కుకు పెడితే జూన్ మధ్యాహ్నం ఎండలో దాదాపు సగం పోతుంది. డిసెంబరులో మాత్రం సూర్యుడు నడినెత్తికి కాస్త దక్షిణంగానే ఉంటాడు, కాబట్టి దక్షిణం పక్క మామిడిచెట్టు నీడ కూడా చూసుకోవాలి. ప్యానెల్ మీద ఒక మూల నీడ పడితే ఆ మూల వాటానే కాదు, వరుసలోని కరెంటంతా తగ్గిపోతుంది.

ఒక బడి, దాని పక్కన ఆరోగ్య కేంద్రం ఉన్న చోటుకు మేం వేసే లెక్క చూడండి. రెండు రేడియోలు 16 వాట్లు, రూటర్ 12, చిన్న సర్వర్ 7, కలిపి 35. రోజుకు 840 వాట్ గంటలు. పది ల్యాప్‌టాప్‌లు, ఒక్కోటి 35 వాట్లు, 5 గంటలు వాడితే 1750. రోజుకు 20 ఫోన్లు, నష్టాలతో ఒక్కోదానికి 20 చొప్పున 400. మొత్తం దాదాపు 3 యూనిట్లు. వేడి, దుమ్ము, తీగల నష్టం కింద నాలుగో వంతు పోతుందనుకుంటే ప్యానెల్ నుంచి 4 యూనిట్లు రావాలి. అక్కడ ఏడాది సగటు ఎండ ఇంతకంటే ఎక్కువే గానీ, వానాకాలపు మబ్బు నెలల్లో రోజుకు 4.5 గంటల పూర్తి ఎండే లెక్కలోకి పట్టుకుంటాం. అంటే 330 వాట్ల ప్యానెళ్లు మూడు.

రేడియోలు, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ఈ మూడింటినీ ఒకే బ్యాటరీకి కలిపేయడమే పెద్ద తప్పు. ల్యాప్‌టాప్‌ల బ్యాటరీకి శనివారం సాయంత్రం ఎవరో టీవీ తగిలిస్తారు. ఫుట్‌బాల్ ఉంటుంది కదా. ఆదివారం పొద్దునకి రేడియో చచ్చి, ఆరోగ్య కేంద్రం నెట్ పోతుంది. అందుకని రేడియో వైపుకు ఒక ప్యానెల్, విడి బ్యాటరీ, తాళం వేసిన పెట్టె. ఎండ లేని రెండు రోజులకు సరిపడా అంటే 1680 వాట్ గంటలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం వాడొచ్చు కాబట్టి 12 వోల్టుల 170 ఆంపియర్ గంటలది చాలు. జెల్ బ్యాటరీ అయితే సగమే వాడాలి, 280 కావాలి. మిగతా రెండు ప్యానెళ్లు ల్యాప్‌టాప్‌లకు, ఫోన్లకు. వాటిని పగలే వాడితే ఆ వైపు బ్యాటరీ చిన్నదైనా ఫర్వాలేదు. రేడియో వైపు ఇన్వర్టరే పెట్టం. ఊరికే ఆన్‌లో ఉన్నందుకే అది 15, 20 వాట్లు తాగుతుంది, అంటే ఆ వైపు 35 వాట్ల భారంలో దాదాపు సగం. నేరుగా డీసీ ఇస్తాం.

బ్యాటరీ గది ఇనపరేకు కింద ఉంటే అక్టోబరు వేడికి లెడ్ బ్యాటరీల ఆయుష్షు సగానికి పడుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ సగం అని మోటు లెక్క. ప్యానెళ్ల మీద పొడికాలపు దుమ్ము, గడ్డి తగలబెట్టిన మసి పేరుకుంటాయి. ఎవరు తుడుస్తారో కూడా పేరుతో రాయాలి. దొంగతనానికి విరుపు నట్లు, అంటే బిగించాక తల విరిగిపోయి మళ్లీ విప్పడం కష్టమయ్యేవి, వాడతాం, కానీ మనుషులుండే నర్సుల క్వార్టర్స్ కప్పు మీద పెట్టడం వాటికంటే నమ్మకం.

పిడుగుల విషయంలో ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగం మన తీరం కంటే తక్కువదేమీ కాదు. ఎర్త్ నిరోధం 10 ఓమ్‌ల లోపు ఉండాలన్నది మా గురి. పొడి నేలలో ఒక్క కడ్డీతో అది ఎప్పటికీ రాదు. కొలిచేటప్పుడు కరెంటు మేకు 25 మీటర్ల దూరంలో, మధ్య మేకు అందులో 62 శాతం దగ్గర, అంటే 15.5 మీటర్ల వద్ద కొట్టాలి. మేకుల దగ్గర చెంబెడు నీళ్లు పోయొచ్చు. అసలు కడ్డీ దగ్గర పోస్తే మాత్రం కొలత మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అంకె ఎక్కువొస్తే కడ్డీ పొడవంత ఎడంతో ఇంకో రెండు మూడు పాతి కలపాలి. మన దగ్గరలా ఉప్పు, బొగ్గు వేస్తే మొదటి ఏడాది బాగానే ఉంటుంది, తర్వాత ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, కడ్డీ తుప్పుపడుతుంది. బెంటొనైట్ మట్టి మేలు. స్తంభం ఎర్త్, గది ఎర్త్ రెండూ తప్పక కలపాలి. విడిగా వదిలితే పిడుగు పడినప్పుడు ఆ రెండింటి మధ్య తేడా ఈథర్‌నెట్ తీగలోంచే దారి వెతుక్కుంటుంది.

మనుషులు, డబ్బు, తీర్పు

నెట్ చేసే పని ఏమిటో అంకెల్లో పెట్టాలి. ఆరోగ్య కేంద్రం నెలవారీ నివేదిక డీహెచ్‌ఐఎస్2 అనే ఆరోగ్య సమాచార వ్యవస్థలోకి ఎక్కాలంటే కొన్ని మెగాబైట్లు చాలు. బడిలో 20 మంది రోజుకు 50 మెగాబైట్ల చొప్పున 26 రోజులు వాడితే 26 గిగాబైట్లు. అయితే మొదటి వారమే పది ల్యాప్‌టాప్‌లూ తలా 3 గిగాబైట్ల విండోస్ అప్‌డేట్ దించుకుంటే నెల కోటా అక్కడితో సరి. అప్‌డేట్లు ఆపడం, లేదంటే ఒక్కసారి దించి ఊళ్లోనే పంచడం ముందే అమర్చుకోవాలి. నెట్ లేకుండా చదివించే కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో, బొమ్మలతో సహా ఇంగ్లీషు వికీపీడియా దాదాపు 100 గిగాబైట్లలో సర్వర్‌లో పట్టేస్తుంది. అలాంటిదే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ కొలిబ్రిలో పాఠాలు పెట్టొచ్చు. నెట్ పోయిన రోజు కూడా బడి నడుస్తుంది.

రిపేరు ఎవరు చేస్తారు? కంప్యూటర్ సర్టిఫికెట్ ఉన్నవాడి కోసం వెతకం. ఫోన్లు బాగుచేసే కుర్రవాడు, వెల్డింగ్ చేసేవాడు, చిగాయో నడిపేవాడు, వీళ్ల చేతులు చూస్తాం. ఒక కేబుల్ ముక్క, ఎనిమిది తీగల రంగుల వరుస కాగితం ఇచ్చి క్రింప్ చేయమంటాం. మొదటిది పాడుచేసి, రెండోది ఎందుకు పాడైందో తనే చూసుకుని, మూడోది సరిగా చేసినవాడు మనకు కావలసినవాడు. ఒక్కడికే నేర్పితే నేర్చుకోగానే లుసాకా పోతాడు. ఇద్దరికి, అందులో ఊరు వదలని ఒక ఆడమనిషికి నేర్పాలి. చోమాలో దొరికే సామాను ఏది, లుసాకా నుంచి రావలసింది ఏది అని విడగొట్టి రాస్తాం. వానాకాలంలో డాంబోలు, అంటే నీళ్లు నిలిచే గడ్డి పల్లాలు, నిండితే బాట మూతపడుతుంది. ఎన్ని రోజులు మూతపడుతుందో అన్ని రోజులకు సరిపడా విడి సామాను ఊళ్లోనే ఉండాలి. ఒక రేడియో, ఒక రూటర్, రెండు పవర్ అడాప్టర్లు, ఫ్యూజులు, 30 మీటర్ల కేబుల్ కనీసం.

డబ్బు లెక్కలో మొదటి ఖర్చు కంటే నెల ఖర్చు పెద్ద ప్రశ్న. నెట్ బిల్లు, తుడిచేవాళ్ల కూలి, కాపలా, వాటితో పాటు బ్యాటరీ నిధి. బ్యాటరీ నాలుగేళ్లు వస్తుందనుకుంటే దాని ధరలో 48వ వంతు ప్రతి నెలా పక్కన పెట్టాలి. ఈ ఒక్క వరుస లేనందుకే ఆగిపోయిన సెంటర్లను చాలా చూశాం. ప్యానెళ్లు మెరుస్తుంటాయి, లోపల బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. నెల ఆదాయాన్ని ఫిబ్రవరి నెలకు అంచనా వేస్తాం, జులైకి కాదు.

అన్నీ చూశాక తీర్పు నాలుగు రకాల్లో ఒకటి. లింకు లాగి ఊరంతా పంచడం. ఉన్న 4జీనే పైపు, యాంటెన్నాతో బడికి, ఆరోగ్య కేంద్రానికి మాత్రం అందించడం. నెట్ లేకుండా సోలార్, సర్వర్, చార్జింగు కేంద్రం మాత్రమే పెట్టడం. లేదా ఇప్పుడు వద్దు. మూడోదాన్ని డబ్బిచ్చేవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, నా మటుకు నాకు ఎక్కువ ఊళ్లకు మొదటి మెట్టు అదే. దాని నెల ఖర్చు ఊరు మోయగలదు, పైన లింకు తర్వాతైనా కలపొచ్చు.

నివేదిక డబ్బిచ్చేవాళ్లకు ఇంగ్లీషులో పోతుంది. దానికంటే ముందు ఒక్క పేజీ టోంగాలో రాయించి హెడ్‌మన్ ఇంటి ముందు చదివిస్తాం. ఏం కొలిచాం, ఏం తేలింది, ఏది చేయలేం, నెలకు ఊరిమీద ఎంత పడుతుంది. ఆ చివరి అంకె చదివాక మొదటి ప్రశ్న ఎప్పుడూ ఆడవాళ్ల వైపు నుంచే వస్తుంది, డబ్బు పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని. ఆ జవాబు కూడా పేజీలో రాసి, వోల్టేజి లాగర్లను ఆరోగ్య కేంద్రంలోనే వదిలి వస్తాం. జనవరిలో ఆకులు నిండాక అదే ట్యాంకు ఎక్కి, అదే అద్దం మళ్లీ తిప్పి చూస్తే గాని రేడియో లింకు వరుసలో "ఔను" అని రాయం.